హెర్నియా ఒక్కటే కుడితే చాలదు

బొడ్డు దగ్గర హెర్నియా వచ్చిన ఇద్దరు పిల్లల తల్లి, ఎలాగూ ఆపరేషన్ తప్పదు కనుక సాగిపోయిన పొట్టను కూడా అప్పుడే సరిచేయించుకుంటానంటే ఇంట్లో ముందుగా వినిపించే మాట “ఈ వయసులో ఆ సోకులెందుకు?” అని. ఆస్పత్రిలోనూ దాదాపు అదే లెక్క. హెర్నియా జనరల్ సర్జన్‌ది, పొట్ట బిగించే టమ్మీ టక్ ప్లాస్టిక్ సర్జన్‌ది. మొదటిది అవసరం, రెండోది ముచ్చట. ఈ విభజనతోనే నాకు పేచీ. కాన్పుల తర్వాత కడుపు కండరాలు విడిపోయి, ఆ మధ్యలో హెర్నియా పుట్టిన మనిషికి ఇవి రెండు జబ్బులు కావు, ఒక్కటే. ఆమె ఆరోగ్యం అనుకూలిస్తే రెండింటినీ ఒకే విడతలో సరిచేయడం వైద్యమే అవుతుంది తప్ప విలాసం కాదు.

కడుపు ముందు భాగంలో పక్కటెముకల నుంచి కటి ఎముక దాకా రెండు నిలువు కండరాలుంటాయి. వాటిని కలిపి ఉంచేది మధ్యలోని గట్టి పట్టీ. గర్భం పెరిగే కొద్దీ ఆ పట్టీ సాగుతుంది. కాన్పయ్యాక చాలామందికి మళ్లీ దగ్గరపడుతుంది, కొందరికి పడదు. ఎడం రెండు సెంటీమీటర్లు దాటితే సాధారణంగా డాక్టర్లు దాన్ని డయాస్టాసిస్ అంటారు. వెల్లకిలా పడుకుని తల ఎత్తితే పొట్ట మధ్యలో నిలువుగా గట్టులా ఉబ్బి కనిపించేది అదే. మన ఇళ్లలో బాలింతకు కట్టే నడికట్టు ఆ కొన్నాళ్లూ ఊతమిస్తుంది, వ్యాయామం కండరాలకు బలమిస్తుంది. కానీ బాగా సాగి పలచబడిన పట్టీని అవి పూర్వస్థితికి తేలేవు. ఆ పలచని చోట చిల్లు పడి లోపలి కొవ్వో, పేగో బయటికి తోసుకొస్తే హెర్నియా. మన దగ్గర దీనికి ఇంకో దారి కూడా ఉంది. కాన్పయిన వెంటనే చేసే కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్‌కు కోత పెట్టేది బొడ్డు కిందే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారు. కోత మానిన చోట హెర్నియా వచ్చేది వారిలో కొద్దిమందికే అయినా, ఆ కొద్దిమంది కూడా తక్కువేమీ కారు.

చిల్లును మాత్రమే కుట్టి పంపితే ఏమవుతుంది? చివికిన చీరకు కొత్త దారంతో కుట్టు వేస్తే దారం నిలుస్తుంది, పక్కన బట్ట చిరుగుతుంది. ఆస్ట్రియా సర్జన్లు 2015లో ప్రచురించిన పరిశీలనలో, చిన్న హెర్నియాలను కేవలం కుట్లతో మూసినప్పుడు, కండరాల ఎడం లేనివారిలో 8 శాతం మందికి తిరగబెట్టగా, ఎడం ఉన్నవారిలో 31 శాతం మందికి తిరగబెట్టింది. అలాంటప్పుడు మెష్ (వల) వేస్తే సరిపోదా అని అడగవచ్చు. మెష్ మేలు చేస్తుంది, సందేహం లేదు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన యూరప్ ట్రయల్‌లో ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల బొడ్డు హెర్నియాలు కుట్లతో మూస్తే 12 శాతం, మెష్‌తో మూస్తే 4 శాతం తిరగబెట్టాయి. అయితే మెష్ మూసేది చిల్లును, దాని చుట్టుపక్కల కాస్త మేరను. విడిపోయిన కండరాలను మధ్యకు లాక్కొచ్చి వరసగా కుట్టడమనేది టమ్మీ టక్‌లో ఎలాగూ చేసే పని. ఇదేమీ కొత్త ఆలోచన కూడా కాదు. 1905లోనే ఫ్రాన్స్‌లో గోడే, మోరెస్తాఁ అనే సర్జన్లు పెద్ద బొడ్డు హెర్నియాలను మూస్తూ, అదనపు చర్మాన్నీ కొవ్వునూ తీసేసి, బొడ్డును నిలబెట్టిన సంగతి వెల్లడించారు.

ఇద్దరు సర్జన్లూ ముందే మాట్లాడుకోవాలని ఎందుకంటానో చెప్పడానికి బొడ్డు ఒక్కటి చాలు. టమ్మీ టక్‌లో పొత్తికడుపు మీద అడ్డంగా కోత పెట్టి చర్మాన్ని పక్కటెముకల దాకా పైకి లేపుతారు. బొడ్డును చుట్టూ కోసి దాని కాడ మీదే వదిలేస్తారు, చివర్లో కిందికి లాగిన చర్మానికి కొత్తగా రంధ్రం చేసి అందులోంచి బయటికి తెస్తారు. చుట్టూ చర్మం తెగిపోయింది కాబట్టి దానికి రక్తం అందేది ఆ కాడలోంచే. బొడ్డు హెర్నియా తోసుకొచ్చేదీ ఆ కాడలోంచే. చిల్లు కోసమని కాడను అన్ని వైపులా విప్పేస్తే బొడ్డు నల్లబడి చచ్చిపోవచ్చు. అందుకే తెలిసినవారు ఒక పక్క నుంచే లోపలికి వెళతారు, లేదా హెర్నియాను లాపరోస్కోపీతో లోపలి వైపు నుంచి మూస్తారు. విడివిడిగా, వేర్వేరు ఏళ్లలో, ఒకరి నోట్స్ ఒకరు చూడకుండా చేస్తే ఈ జాగ్రత్తకు చోటెక్కడ?

రెండూ కలిపితే ప్రమాదం పెరగదా అన్నది గట్టి అభ్యంతరమే. మత్తులో ఉండే సమయం పెరుగుతుంది. పొట్ట బిగించడంతో లోపల ఒత్తిడి పెరిగి, కాళ్ల సిరల్లో రక్తం నెమ్మదించి గడ్డకట్టే అవకాశం ఉంటుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే అదే రోజు లేపి నడిపించడం, అవసరమైనవారికి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఇంజెక్షన్లు. కానీ ఏం కలుపుతున్నామన్నది కూడా చూడాలి. అమెరికాలో 25 వేలకు పైగా టమ్మీ టక్‌లను పరిశీలించిన 2015 అధ్యయనంలో అదొక్కటే చేసినప్పుడు పెద్ద సమస్యలు 3.1 శాతం మందికి వచ్చాయి. లైపోసక్షన్‌తో పాటు ఒంట్లో ఇతర భాగాల కొవ్వు, చర్మం తీసే ఆపరేషన్లు కూడా జోడిస్తే అది 10.4 శాతానికి పెరిగింది. హెర్నియాకు వేరే పెద్ద కోత అక్కర్లేదు. తెరిచిన చోటే, అదే గోడ మీద పని. ప్యాకేజీ పేరుతో తొడలూ చేతులూ కలిపి అమ్మేవారిని నేను సమర్థించడం లేదు. షుగర్ అదుపులో లేనివారు, బాగా బరువున్నవారు, పొగ మానలేనివారు, ఇంకో బిడ్డను కనాలనుకునేవారు ఆగాల్సిందే. పేగు ఇరుక్కుని నొప్పితో, వాంతులతో వచ్చినవారికి ముందు ప్రాణం, అప్పుడు పొట్ట బిగింపు మాటే ఎత్తకూడదు.

ఇక సోకు అన్న మాట. ఆస్ట్రేలియాలో కాన్పుల తర్వాత టమ్మీ టక్ చేయించుకున్న 214 మందిని గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో నడుం నొప్పి, తుమ్మినా దగ్గినా మూత్రం పడిపోవడం ఆరు నెలల నాటికి బాగా తగ్గాయి. ఆపరేషన్ చేయించుకోనివారితో పోల్చి చూడలేదన్నది ఆ అధ్యయనంలో లోపమే, అయినా దాన్ని కొట్టిపారేయలేం. మన బీమా నిబంధన అందం కోసం చేసే ఆపరేషన్లకు డబ్బివ్వదు కానీ, ఆరోగ్యానికి నేరుగా ఉన్న ముప్పును తొలగించే వైద్యంలో భాగమని చికిత్స చేసే డాక్టర్ ధ్రువీకరిస్తే మినహాయింపు ఇస్తుంది. కాబట్టి తేదీ ఖరారు చేసుకోకముందే స్కాన్‌లో చిల్లు కొలతతో పాటు కండరాల ఎడం ఎన్ని సెంటీమీటర్లో కూడా రాయించండి. హెర్నియాకు అయ్యేదెంత, చర్మానికి అయ్యేదెంత అని ఎస్టిమేట్ విడదీసి ఇమ్మనండి. బొడ్డు కాడను ఎలా కాపాడతారో ఇద్దరు సర్జన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగండి.