తల చుట్టూ ఉన్న గాలిని చూడండి

మెదడు ఎమ్మారై బొమ్మ బాగా వచ్చిందా లేదా అని తేల్చడం నా పని. జబ్బు సంగతి రేడియాలజిస్టులు చూసుకుంటారు. ఆ బొమ్మలోంచి తీసే కొలతను నమ్మొచ్చా అన్నదే నేను చూడాల్సింది. పరిశోధన కోసం తీసే టీ1 రకం స్కాన్లలో ఒక్కో వోక్సెల్, అంటే బొమ్మలోని అతి చిన్న గడి, దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది. మెదడు పైపొర కార్టెక్స్ మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు. అంటే మనం కొలవబోయే పొర మొత్తం రెండు మూడు వోక్సెళ్లలో ఇమిడిపోతుంది. అంత సన్నటి చోట గీత కాస్త చెదిరినా లెక్క మారిపోతుంది.

మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది: మెదడును తర్వాత చూడండి, ముందు తల చుట్టూ ఉన్న గాలిని చూడండి. గాలి నుంచి సిగ్నల్ రాకూడదు కాబట్టి ఆ భాగం నల్లగా ఉంటుంది. మానిటర్ మీద బ్రైట్‌నెస్ బాగా పెంచితే మెదడు మొత్తం తెల్లగా వెలిసిపోతుంది, నలుపులో దాగినవన్నీ పైకి తేలతాయి. స్కాను బాగుంటే అక్కడ సమంగా పరుచుకున్న సన్నటి నాయిస్ తప్ప ఇంకేమీ కనిపించదు. పేషెంటు కదిలి ఉంటే పుర్రె అంచు నీడలు ఒకే దిశలో వరసగా పడతాయి. వాటిని ఘోస్టులంటాం. స్కానర్ గది తలుపు సరిగ్గా పడకపోతే బయటి రేడియో తరంగాలు లోపలికొచ్చి బొమ్మకు అడ్డంగా చుక్కల గీత గీస్తాయి. దాని పేరు జిప్పర్. మెదడు మీద ఇవన్నీ పడే ఉంటాయి, కానీ అక్కడి వెలుగులో కలిసిపోయి కంటికి ఆనవు. 2009లో మోర్తమే బృందం ఈ చూపునే లెక్కగా మార్చింది. తల బయటి గాలిలో ఎన్ని వోక్సెళ్లు ఇలా పాడయ్యాయో లెక్కగట్టి స్కానుకు విలువ కట్టింది.

కాసేపు తల కదిలితే బొమ్మ మొత్తం ఎందుకు పాడవుతుందని చాలామంది అడుగుతారు. ఎమ్మారై యంత్రం బొమ్మను చుక్క చుక్కగా పట్టుకోదు. ఐదారు నిమిషాల పాటు గీత తర్వాత గీత చొప్పున తరంగాల సమాచారం పోగుచేసి, చివర్లో గణితంతో బొమ్మగా మారుస్తుంది. ప్రతి గీతలోనూ బొమ్మ మొత్తానికి వాటా ఉంటుంది. మగ్గం మీద ఒక పోగు తెగితే చీరలో ఆ ఒక్కచోటే లోపం కనిపిస్తుంది. ఇక్కడ ఒక గీత తప్పితే లోపం ఆ కొస నుంచి ఈ కొస దాకా పాకుతుంది.

ఈ పాకడంలో అసలు ప్రమాదం ఏమిటంటే, కదలిక చేసే తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు మొగ్గుతుంది. 2015లో మార్టిన్ రాయిటర్ బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మందిని స్కానర్లో పడుకోబెట్టి, కదలకుండా ఒకసారి, కావాలనే తల ఊపిస్తూ మరికొన్నిసార్లు స్కాన్లు తీసింది. కదిలినప్పుడల్లా గ్రే మ్యాటర్ తగ్గినట్టు, కార్టెక్స్ పలచబడినట్టు లెక్క వచ్చింది. నిమిషానికి ఒక మిల్లీమీటరు కదలికకు దాదాపు 0.7 శాతం ఘనపరిమాణం మాయమైంది. పెద్ద వయసులో ఆరోగ్యంగా ఉన్నవారి మెదడు ఏడాదికి తగ్గేది ఇంచుమించు అర శాతం. అంటే కాస్త కదలిక, మెదడుకు ఏడాదికి పైగా వయసు మీదపడ్డట్టు మోసం చేసి చూపగలదు. కంటికి బాగా లేవనిపించిన స్కాన్లను తీసేశాక కూడా ఆ ప్రభావం పోలేదు. ఈ ఫలితం చదివినప్పటి నుంచి, ఫరవాలేదు అనిపించిన స్కానును కూడా నేను రెండోసారి తెరుస్తాను.

ఇప్పుడు స్కానర్లో ఎక్కువగా కదిలేది ఎవరో ఆలోచించండి. చిన్నపిల్లలు, ఆటిజం ఉన్నవారు, పార్కిన్సన్స్‌తో చేతులు వణికేవారు, మతిమరుపు ముదిరి ఎక్కడున్నామో తెలియక బెదిరే పెద్దవాళ్లు. వాళ్ల స్కాన్లను అలాగే వాడితే కదలికను జబ్బుగా లెక్కవేస్తాం. అన్నీ తీసి పారేస్తే జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లే పరిశోధన నుంచి తప్పిపోతారు, మిగిలిన లెక్క నెమ్మదిగా పడుకోగలిగిన వాళ్లదే అవుతుంది. స్కాన్ల నాణ్యత చూడటం గుమస్తా పనిగా కనిపించినా, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్న నిర్ణయం ఇక్కడే జరుగుతుంది.

కంటికి తోడుగా కొలతలు వచ్చాయి. సిగ్నల్‌కూ నాయిస్‌కూ ఉన్న నిష్పత్తి అందరికీ తెలిసిందే. గ్రే మ్యాటరూ వైట్ మ్యాటరూ ఎంత స్పష్టంగా విడిపడి కనిపిస్తున్నాయో చెప్పే కాంట్రాస్ట్ నిష్పత్తి మెదడు విషయంలో ఇంకా ముఖ్యం. నాకు బాగా ఇష్టమైనది మాత్రం ఆయిలర్ సంఖ్య. కార్టెక్స్‌కు ఎన్ని ముడతలున్నా, విప్పి చూస్తే ఒక్కో అర్ధభాగం చిల్లు లేని గోళమే. గోళానికి ఆయిలర్ సంఖ్య 2. స్కాను పాడైతే, ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్ మొదటిసారి గీసిన ఉపరితలంలో లేని చిల్లులు పడతాయి, ఒక్కో చిల్లుకు ఆ సంఖ్య 2 చొప్పున తగ్గుతుంది. ఇది మనుషులు కంటితో వేసిన మార్కులకు బాగా దగ్గరగా వస్తుందని 2018లో రోజెన్ బృందం చూపింది. పద్దెనిమిదో శతాబ్దపు గణితం ఈనాటి స్కానులో కదలికను పట్టిస్తోందంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇవన్నీ కలిపి యంత్రానికే అప్పగించవచ్చు కదా అంటారు. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో ఆస్కార్ ఎస్తెబాన్ బృందం ఆ ప్రయత్నం నిజాయితీగా చేసింది. 17 కేంద్రాల నుంచి వచ్చిన 1,100కు పైగా స్కాన్లతో ఎమ్మారైక్యూసీ అనే సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇచ్చింది. అంతకుముందు చూడని కేంద్రం స్కాన్లు ఇస్తే దాని తీర్పు దాదాపు 76 శాతం సరిపోయింది. నాలుగింట ఒకటి తప్పిందన్నమాట. స్కానర్ మారితే, తల చుట్టూ ఉండి సిగ్నల్ అందుకునే కాయిల్ మారితే, నాయిస్ స్వభావమే మారుతుంది. పేషెంట్ల గోప్యత కోసం ముఖం చెరిపేసిన స్కాన్లలో ముఖంతో పాటు కొంత గాలి కూడా పోతుంది. అయినా ఈ సాఫ్ట్‌వేర్‌ను నేను రోజూ వాడతాను. ముందుగా ఏ స్కాన్లు తెరవాలో అది చెబుతుంది, ఉంచాలా తీసేయాలా అన్నది మేం తేలుస్తాం.

ఈ శ్రమ మన వాళ్లకు మరీ అవసరం. మెదడు కొలతల్లో ప్రపంచమంతా చాలాకాలం పాశ్చాత్యుల సగటునే ప్రమాణంగా వాడింది. 2019లో ఐఐఐటీ హైదరాబాద్ బృందం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి, 21 నుంచి 30 ఏళ్ల లోపు 100 మంది స్కాన్లతో భారతీయ మెదడు అట్లాస్, అంటే సగటు మెదడు నమూనా, తయారుచేసింది. అలాంటి నమూనాలో ప్రతి స్కానుకూ నూరో వంతు బరువు ఉంటుంది. పిల్లలకూ పెద్దవాళ్లకూ ఇలాంటి అట్లాసులు తయారుచేయాలంటే, కదిలే వయసుల వాళ్ల దగ్గర నుంచే మంచి స్కాన్లు రాబట్టాలి.

అది ఎలాగో మా టెక్నీషియన్ అక్కను చూస్తే తెలుస్తుంది. ఆ మధ్య ఒక పెద్దావిడ హెడ్ కాయిల్ బిగించగానే భయంభయంగా అడిగింది, “ఉమ్మి మింగొచ్చా బిడ్డా?” అక్క ఆమె చెయ్యి పట్టుకుని, “సౌండు బందైనంక మింగమ్మా, దగ్గినా ఏం కాదు. సౌండు వచ్చినంత సేపు మాత్రం కదలకు. నేను ఎదురుగ అద్దంల నుంచి చూస్తనే ఉంట” అంది. తల పక్కన స్పాంజి ముక్కలు సర్ది, మోకాళ్ల కింద దిండు పెట్టింది. ఆ స్కానులో గాలి నల్లగా, శుభ్రంగా ఉంది. ఏ సాఫ్ట్‌వేరూ తర్వాత ఇంత నాణ్యత తెచ్చిపెట్టలేదు.

కాబట్టి ఎమ్మారైకి వెళ్లే పాఠకులకు ఒక మనవి. ముందే బాత్రూముకు వెళ్లి రండి. హెయిర్‌పిన్నులు, నగలు తీసేయండి. ఒంట్లో లోహం ఏదైనా ఉంటే, మెడనొప్పి, దగ్గు, ఇరుకులో భయం ఉంటే దాచకుండా చెప్పండి. ఎప్పుడు మింగాలో అడగండి. స్కానింగ్ సెంటర్లు నడిపేవారు పేషెంటుతో మాట్లాడటానికి టెక్నీషియన్‌కు ఐదు నిమిషాలు ఇవ్వాలి. పరిశోధకులు ఎన్ని స్కాన్లు తీసేశారో, ఎందుకు తీసేశారో, అవి ఎలాంటి పేషెంట్లవో ప్రతి వ్యాసంలోనూ రాయాలి. ఆ వివరాలు లేని ఫలితాన్ని నమ్మడానికి వీల్లేదు.