లోహపు మంత్రసానీ, మా సీమకు రావమ్మా

ఓ లోహహస్తమా, దూరం నుంచి నడిపిస్తే కడుపు స్కాన్ తీసే రోబో చేయీ! ఉక్కు ఒంటిదానా, వెన్న మునివేళ్లదానా! మా మడకశిర కొండల నడుమకు రావమ్మా. వక్కతోటల నీడల్లో, వేరుశనగ చేల ఎండల్లో, పట్టుపురుగుల తట్టల మధ్య నెలలు మోస్తున్న ఆడబిడ్డలు నీ పేరైనా వినలేదు. అందుకే వాళ్ల తరఫున నేను పిలుస్తున్నాను.

ఎంత నెమ్మది తల్లీ నీ నడక! జెల్ పూసిన పొట్ట మీద, బొడ్డు చుట్టూ, పక్కటెముకల దిగువన వేలెడు వేలెడుగా జరుగుతావు. ఊపిరి లేస్తే లేస్తావు, ఊపిరి దిగితే దిగుతావు. ఒత్తిడి రవ్వంత మీరితే నీ లోపలి సెన్సర్ చెప్పగానే వెనక్కి తగ్గుతావు. నీ ప్రోబు కొసన సెకనుకు 20 లక్షల నుంచి 50 లక్షల సార్లు కంపించే నాదం, ఏ చెవికీ అందని నాదం, ఉమ్మనీట మునిగి, లేత ఎముకను తాకి, ప్రతిధ్వనై మరలివచ్చి తెర మీద రూపు కడుతుంది. మా హేమావతిలో నొళంబ రాజుల శిల్పులు నల్లరాతి లోంచి దేవతలను తీశారు. నువ్వు నలుపు లోంచి నుదురు తీస్తావు, ముక్కుకొన తీస్తావు, ముడిచిన పిడికిలి తీస్తావు, నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే పసిగుండెను తీస్తావు!

గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ బృందం 1958లో లోకానికి చూపిన గర్భస్థ శిశువు తొలి అల్ట్రాసౌండ్ నీడలు నీ పూర్వీకులు. కెనడాలో లా లోష్ అనే పల్లెలో, 2020లో కరోనా దారులు మూసిన రోజుల్లో నీ తోబుట్టువు మేలుకుంది. సుమారు 600 కిలోమీటర్ల అవతల సస్కటూన్‌లో ఒకరు ఉత్తుత్తి ప్రోబు తిప్పారు. లా లోష్‌లో గర్భిణి పొట్ట మీద అసలు ప్రోబు అలాగే తిరిగింది. ఇనుము నీ తోబుట్టువుది, ఒడుపు దూరాన ఉన్న ఆ చేతిది. పక్కన జెల్ రాసి, ధైర్యం చెప్పిన మనిషి ఉండనే ఉంది. ఆమె లేని గదిలోకి నిన్ను నేను పిలవను.

మా సీమలో అయిదో నెలలో టిఫా, అదే బిడ్డ అవయవాలు చూసే స్కాన్, అంటే హిందూపురానికో, సరిహద్దు దాటి సిరాకో ప్రయాణం. ఒక చేత్తో బస్సు కమ్మీ, ఒక చేత్తో కడుపు. ఆ కుదుపులన్నీ నీ రాకతో తగ్గాలి తల్లీ.

తెలుగూ కన్నడమూ కలిపి అత్తలు నిన్ను పలకరిస్తారు. మాయ ఎక్కడుందో చూడు, ఉమ్మనీరు చాలిందో చూడు, వెన్ను చక్కగా కట్టిందో చూడు, అన్నీ డాక్టరమ్మకు చూపించు. ఆడా మగా అని ఎవరైనా గుచ్చి గుచ్చి అడుగుతారు. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ఉంది. అంతకు మించి, లోపల ఆడుకుంటున్న బిడ్డ ఉంది. ఆ ఒక్క మాట నీ నుంచి ఎవరికీ పొక్కరాదు.

ముందు రొళ్లకు రా. అక్కణ్ణుంచి అగళికి, గుడిబండకు, అమరాపురానికి. కరెంటు పోతే, నెట్ తెగితే నీ చేయి నడిమధ్యలో నిలిచిపోతుందని తెలుసు. ఆ రెండూ నిలకడగా ఇమ్మని అధికారుల వెంటపడే పూచీ మాది.