కుండను పగులగొట్టకుడి

ధ్యాన భాగము: 2 రాజులు 4:38–41

గిల్గాలులో అది కరవు కాలము. ప్రవక్తల శిష్యులు ఎలీషా యెదుట కూర్చుండియున్నారు. వారి భోజనముకొరకు పెద్ద కుండ పొయ్యిమీద పెట్టబడెను. కూరాకులు ఏరుటకు పొలములోనికి పోయిన ఒకడు, ఎరుగక అడవితీగె కాయలు ఒడినిండ కోసికొని వచ్చి, తరిగి కుండలో వేసెను. తినుటకు కూర్చున్నవారు రుచి చూచి, ఇందులో చావున్నదని కేకవేసిరి. అప్పుడు దైవజనుడు ఏమి చేసెనో గమనింపుడి. కేకవేసినవారిని ఆయన గద్దింపలేదు. వారు పలికినది నిజమే. కాయలు తెచ్చినవానిని వెళ్లగొట్టలేదు. కుండను పగులగొట్టలేదు. పిండి తెప్పించి కుండలో వేసి, జనులకు వడ్డింపుమని చెప్పెను.

క్రైస్తవ కళాశాలలలోను సెమినరీలలోను పుట్టు కలహములను తూచుటకు ఇంతకంటె మంచి త్రాసు నాకు కనబడలేదు. కళాశాలలో బోధ మారిపోవుచున్నదని ఒక పక్షము కేకవేయును. ఇది పదవికొరకైన కేకయేగాని సత్యముకొరకు కాదని రెండవ పక్షము బదులు చెప్పును. కరపత్రములు పల్లెలకు వచ్చును. సంతకములు అడుగుదురు. పిడికెడు బియ్యము తీసిపెట్టి ఆ కళాశాలను పోషించిన తల్లులకు మాత్రము, లోపల ఏమి జరిగినదో ఎవరును నెమ్మదిగా చెప్పరు. అట్టివేళ సంఘము ఏ పక్షమున నిలువవలెను?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుచు, కెనడా దేశమందలి మెక్‌మాస్టర్ కళాశాల చరిత్రను కొంత పరిశీలింతము. అది మనకు పరాయిది కాదు. కాకినాడలో థామస్ గాబ్రియేలను తెలుగు సేవకుడు తన కష్టార్జితముతో పని ఆరంభించి, భారము మోయలేక కెనడా బాప్టిస్టులను పిలువగా, 1874లో జాన్ మెక్లారిన్ దొరగారు ఆ పట్టణమునకు వచ్చిరి. 1882లో సామర్లకోటలో బోధకులకొరకు సెమినరీ తెరచినదియు ఆయనే. తరువాతి కాలమున ఆ దేశమునుండి మన ఉత్తర సర్కారులకు వచ్చిన మిషనెరీలలో అనేకులు మెక్‌మాస్టరులో చదివినవారు. మన బోధకుల బోధకులు తిన్న కుండ అది.

విలియం మెక్‌మాస్టర్ వర్తకుడు, బ్యాంకు అధిపతి, దైవభక్తుడు. ముందుగా టొరంటో పట్టణమున ఆయన కట్టించిన బాప్టిస్టు కళాశాల ఆస్తిపత్రములో, అక్కడ బోధింపవలసిన విశ్వాసాంశములను స్పష్టముగా వ్రాయించెను. లేఖనముల దైవప్రేరణ, వాటి సర్వాధికారము అందులో ముఖ్యమైనవి. 1887లో ఆ కళాశాల విశ్వవిద్యాలయమాయెను. ఆ సంవత్సరమే ఆయన మరణించెను. తన ఆస్తిలో సుమారు 9 లక్షల డాలర్లు దానికి విడిచిపెట్టెను.

ఇరువది సంవత్సరములైన తరువాత మొదటి కేక వినబడెను. పాత నిబంధన బోధకుడైన మాథ్యూస్ గారి బోధ ఆస్తిపత్రములోని విశ్వాసమునకు సరిపడదని ఎల్మోర్ హారిస్ అను పాదిరిగారు ఫిర్యాదు చేసిరి. 1910లో సంఘముల మహాసభ కళాశాల పక్షమే వహించెను. ఆ సంవత్సరమే టొరంటోలోని జార్విస్ వీధి బాప్టిస్టు సంఘమునకు టి. టి. షీల్డ్స్ గారు కాపరిగా వచ్చిరి. 1955లో మరణించువరకు ఆయన ఆ ప్రసంగవేదికను విడువలేదు. వాగ్ధాటి గలవాడు, శ్రమజీవి, లేఖనములయందు గొప్ప ఆసక్తిగలవాడు. 1920లో కళాశాల పాలకవర్గమున సభ్యుడాయెను. 1922లో గాస్పెల్ విట్నెస్ అను పత్రిక స్థాపించి, తన మాటను దేశమంతట వినిపించెను.

1925లో ఇంగ్లండునుండి ఎల్. హెచ్. మార్షల్ గారిని కళాశాలవారు ఆచార్యునిగా పిలిచిరి. పాత నిబంధనను గూర్చి ఆయన నవీన పండితుల త్రోవను నడిచినవాడు. షీల్డ్స్ గారు ఆయనమీదను, ఆయనను పిలిచినవారిమీదను పత్రికలోను వేదికమీదను యుద్ధము సాగించిరి. 1926 మహాసభ షీల్డ్స్ గారిని తప్పుపట్టెను. 1927లో, తనతో ఏకీభవింపని సంఘములను తొలగించు అధికారమును మహాసభ చట్టముద్వారా సంపాదించుకొని, జార్విస్ వీధి సంఘమును వెలివేసెను. అనేక సంఘములు షీల్డ్స్ గారితోకూడ వెళ్లిపోయెను. ఒకే బల్లయొద్ద రొట్టె విరిచినవారు రెండుగా చీలిరి.

ఇప్పుడు తీర్పు చెప్పవలెను. మొదట షీల్డ్స్ గారి పక్షమున చెప్పవలసినది చెప్పుదము. ఆస్తిపత్రమందు వ్రాసిన విశ్వాసము అలంకారమునకు వ్రాసినది కాదు. దానిని నమ్మి ప్రజలు ధనమిచ్చిరి, కుమారులను పంపిరి. దానిని ఇక నమ్మలేనని యొక బోధకుడు తెలిసికొన్నయెడల, బహిరంగముగా చెప్పి సంఘములను అడుగుట న్యాయము. మాటలను అట్లే ఉంచి అర్థమును మార్చుకొనుట న్యాయము కాదు. కేకవేయుట పాపము కాదు. విషమును రుచి చూచియు మర్యాదకొరకు మ్రింగుమని ఎలీషా ఎవరికిని చెప్పలేదు.

అయితే ఆ కేక తరువాత ఏమి జరిగినదో చూడుడి. కళాశాల కలహమునకు ముందే, 1921లో, షీల్డ్స్ గారి సొంత సంఘము చీలి మూడువందలకు పైగా సభ్యులు వెళ్లిపోయిరి. 1927లో ఆయన నాయకత్వమున బాప్టిస్టు బైబిలు యూనియన్ వారు అమెరికాలోని డి మోయిన్ విశ్వవిద్యాలయమును తమ చేతిలోనికి తీసికొనిరి. అక్కడ నవీనవాది యెవడును లేడు. ప్రతి అధ్యాపకుడు విశ్వాసప్రమాణమునకు సంతకము చేయవలసినదే. అయినను రెండేండ్లు నిండకమునుపే పాలకవర్గాధ్యక్షుడైన షీల్డ్స్ గారికిని కళాశాలాధ్యక్షునికిని వైరము పుట్టెను. 1929 మే నెలలో పాలకవర్గము అధ్యక్షుని, అధ్యాపకులను ఒక్కసారిగా తొలగించెను. విద్యార్థులు ఆగ్రహించి, పాలకులు కూడియున్న భవనముమీద గ్రుడ్లు, రాళ్లు రువ్విరి. పోలీసులు రావలసివచ్చెను. ఆ సంవత్సరమే ఆ విద్యాలయము మూతబడెను, మరల తెరువబడలేదు.

ఇంతటితో ముగియలేదు. మెక్‌మాస్టరునకు బదులుగా ఆయన 1927లో టొరంటో బాప్టిస్టు సెమినరీని స్థాపించెను. అది ఆయన పెట్టిన కుండ, ఆయన ఎంచిన వంటవారు. అయినను 1948 చివరను అక్కడి డీను గార్డన్ బ్రౌన్ గారిని తొలగించగా, అధ్యాపకులు, విద్యార్థులు పెక్కుమంది ఆయనతోకూడ వెళ్లి, 1949లో వేరొక సెమినరీ పెట్టుకొనిరి. వారును షీల్డ్స్ గారివలెనే లేఖనములను నమ్మినవారు. అదే సంవత్సరము ఆయన స్థాపించిన సంఘముల కూటమియే ఆయనను అధ్యక్షపదవినుండి తొలగించెను.

ప్రియ చదువరులారా, ఒక్క కలహము జరిగినయెడల ఎదుటివారి దోషమనవచ్చును. సొంత సంఘములో ఒకటి, పరాయి దేశములో ఒకటి, సొంత సెమినరీలో ఒకటి జరిగినప్పుడు, దోషము బోధలోనే కాదు, మనుష్యునిలోను ఉన్నదని చెప్పక తప్పదు. సత్యమును కాపాడుటకు నిలిచినవాడు క్రమముగా తననే సత్యమనుకొనెను. తనతో విభేదించినవాడు క్రీస్తుతోనే విభేదించినట్లు ఎంచెను. ప్రభువు దాసుడు జగడమాడక, ఎదురాడువారిని సాత్వికముతో దిద్దవలెనని పౌలు తిమోతికి వ్రాసిన మాట (2 తిమోతి 2:24–25) సత్యమునకు అడ్డము కాదు. సత్యమునకు అదియే కంచె.

మరి గెలిచినవారి సంగతి యేమి? ఓట్లు తలలను లెక్కించును గాని హృదయములలోని సందేహమును తీర్చవు. మెక్‌మాస్టర్ 1930లో హామిల్టను పట్టణమునకు తరలిపోయెను. సైన్సు చదువులకు ఖర్చు పెరిగెను. సంఘముల చేతిలో నున్న విద్యాలయమునకు ప్రభుత్వ ధనము దొరకదు గనుక, 1948లో సైన్సు విభాగమును హామిల్టను కళాశాల అను వేరు సంస్థగా చేసిరి. 1957లో విశ్వవిద్యాలయమంతయు సంఘముల చేతినుండి తొలగి లౌకిక విద్యాలయమాయెను. దైవశాస్త్ర కళాశాల మాత్రము బాప్టిస్టులకు మిగిలెను. నేడు అది గొప్ప విశ్వవిద్యాలయమే. కాని దైవజ్ఞానముకొరకు ఇచ్చిన మెక్‌మాస్టర్ గారి ఉద్దేశమును అది ఇప్పుడు మోయుచున్నదని చెప్పలేము. ఈ మార్పునకు డబ్బు అవసరము వంటి కారణములు అనేకములు కలవు. అయినను తిట్టినవారిని వెలివేయుటతో తమ పని తీరెనని తలంచి, వారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండుట గెలిచినవారి లోపము. ఒకరు కుండను పగులగొట్టిరి. ఒకరు కుండను అమ్ముకొనిరి. కరవులో కూర్చున్న శిష్యులను తలంచినవారు తక్కువ.

ఇక మన యింటిని చూచుకొందము. 1964లో లూథరను, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘము, మెథడిస్టు సంఘములు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలను స్థాపించినవి. తరువాతి దశాబ్దమున అది హైదరాబాదునకు తరలివచ్చెను. వేరు వేరు సంఘములు ఒక కుండయొద్ద కూర్చుండుట గొప్ప మేలు. అయితే కళాశాల పట్టణము చేరినకొలది, పల్లె సంఘమునకు దాని పొయ్యి కనబడదు. పొగ మాత్రమే కనబడును.

ఇవికాక, ఈ సికిందరాబాదు చుట్టును సొంత బైబిలు పాఠశాలలు అనేకము వెలసినవి. వాటిలో మంచివి కలవు. కొన్ని మాత్రము స్థాపకుని పేరుతో పుట్టి, స్థాపకుని కుమారునికి ఆస్తివలె సంక్రమించుచున్నవి. నేను నివసించు ఈ కాలనీకి శాస్త్రజ్ఞులైన ఏ.ఎస్. రావుగారి పేరు పెట్టిరి. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనును తొలుత నడిపినవారు ఆయనే. ఆయన పేరు వీధులకు మిగిలినది. సంస్థ ఆయన వారసులకు పోలేదు, పని తెలిసినవారి చేతులు మారుచు నడచుచున్నది. యంత్రములు చేయు సంస్థకు తెలిసిన ఈ నీతి, ప్రవక్తల శిష్యుల పాఠశాలకు తెలియకుండుట తగునా? పౌలు తాను నేర్పినదానిని నమ్మకమైన మనుష్యులకు అప్పగింపుమనెను (2 తిమోతి 2:2). రక్తసంబంధులకు అని చెప్పలేదు.

కాబట్టి కళాశాల కలహము మీ సంఘమునకు వినబడినప్పుడు నాలుగు పనులు చేయుడి. మొదటిది, ఏ కాగితముమీదను వెంటనే సంతకము చేయవద్దు. పెద్దమీద నేరము ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే అంగీకరింపకూడదని వాక్యము చెప్పుచున్నది (1 తిమోతి 5:19). రెండవది, ఆ కళాశాల ఏ విశ్వాసముమీద స్థాపింపబడెనో ఆ పత్రమును తెప్పించి, సంఘములో చదివించుడి. చదువు రానివారికిని అర్థమగునట్లు కాపరి చెప్పవలెను. మూడవది, లెక్కలు అడుగుడి. పౌలు చందాను మోయునప్పుడు ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని తగినదిగా ఉండవలెనని ఇతరులను తోడు తీసికొనెను (2 కొరింథీయులకు 8:20–21). లెక్క అడుగువానిని అవిశ్వాసియని పిలుచు నాయకుని విషయమై జాగ్రత్తపడుడి. నాలుగవది, పిండి వేయుడి. మీ సంఘములో ఎక్కడను పనికిరాని యువకుని కాక, ప్రార్థనాపరుడు, తెలివిగలవాడు అయినవానిని సెమినరీకి పంపుడి. సెలవులకు వచ్చినప్పుడు ఏమి నేర్చుకొంటివని అడుగుడి. వారమునకొకసారి ఆ బోధకుల పేళ్లు చెప్పి ప్రార్థింపుడి. కుండలోని చేదును విరిచినది పిండియేగాని కేక కాదు.

విడిచిపోవలసిన దినము ఎన్నడును రాదా? వచ్చును. ఎన్నిమారులు పిండి తెచ్చినను కుండమూత తీయనివారు ఉందురు. అట్టి దినమున అబ్రాహాము లోతును విడిచినట్లు విడిచిపోవలెను. మంచి భూమిని ఎదుటివానికి విడిచి, నిందలు వేయక, న్యాయస్థానములకు ఎక్కక, తన బలిపీఠమును తాను కట్టుకొని పోవలెను. అట్లు పోగలవాడే సత్యముకొరకు పోయినవాడు. కుండపెంకులు పంచుకొనువాడు ఆకలిగొన్నవారిని మరచినవాడు.

ప్రభువా, మా కళాశాలలను కనికరింపుము. బోధించువారికి నమ్మకత్వమును, కాపలాకాయువారికి సాత్వికమును, పోషించు సంఘములకు మెలకువను దయచేయుము. మా పిల్లలు తిను కుండలో చావు లేకుండ చేయుము. ఆమేన్.

— ఏ.ఎస్. రావు నగరు, సికిందరాబాదునుండి ఒక సంఘకాపరి