అడిగినవారికే పంపండి

దసరా ఇంకో నెల ఉందనగా నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "సార్, లక్ష మెయిల్ ఐడీలు దొరికాయి. పండగ ఆఫర్ ఒకేసారి అందరికీ కొట్టేద్దాం" అంటారు. బట్టల షాపువాళ్లయినా, కోచింగ్ సెంటర్‌వాళ్లయినా, ప్లాట్లు అమ్మేవాళ్లయినా మాట మాత్రం ఇదే. వ్యాపారాల తరఫున బల్క్ మెయిళ్లు పంపడమే నా వృత్తి కాబట్టి వెంటనే ఒప్పుకుంటానని వాళ్ల ధీమా. నేను వద్దంటాను. ఆ లక్ష మందిలో ఒక్కరైనా తమ చిరునామా మీకెప్పుడు ఇచ్చారో చెప్పగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం అంటాను.

బటన్ నొక్కడం వరకే మన చేతిలో ఉంటుంది. మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడాలా, స్పామ్‌లో పడాలా, అసలు లోపలికే రాకూడదా అన్నది అవతలి సర్వర్ తేలుస్తుంది. మనం ఎంత అందంగా రాశామన్నది దానికి తర్వాతి సంగతి. ఈ డొమైన్ నుంచి, ఈ ఐపీ నుంచి ఇంతకుముందు వచ్చిన మెయిళ్లను జనం ఏం చేశారన్నదే అది ముందు చూస్తుంది. చదివారా, జవాబిచ్చారా, తెరవకుండానే తీసేశారా, స్పామ్ అని నొక్కారా? పంపేవాడి పేరు ప్రతిష్ఠలు తయారయ్యేది అక్కడే.

ఈ కాపలాకు కారణం మన వృత్తివాళ్లే. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కంపెనీ కంప్యూటర్ల ప్రకటనను ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి పంపాడు. వాళ్లెవరూ అడగలేదు. విసుగు ఆనాడే మొదలైంది. 1998 నాటికి స్పామ్‌హౌస్ లాంటి సంస్థ పుట్టి, చెడ్డపేరున్న ఐపీల జాబితాలు కట్టే దాకా వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ కలిసి నిబంధనలు బిగించాయి. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు జీమెయిల్ ఖాతాలకు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండి తీరాలి. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ కావాలి, ఆ కోరిక రెండు రోజుల్లో తీర్చాలి. ఆ మూడు సాంకేతిక ఏర్పాట్లనూ పని తెలిసినవారు ఒక పూటలో చేసిపెడతారు. కానీ మెయిల్ నిజంగా మీ దగ్గర నుంచే వచ్చిందనడానికి మాత్రమే అవి సాక్ష్యం. మీరు మంచివారని అవి చెప్పవు.

అసలు పరీక్ష ఫిర్యాదుల లెక్కలో ఉంది. స్పామ్ అని నొక్కినవారి శాతం 0.3ను తాకకూడదని గూగుల్ అంటుంది, 0.1 లోపు ఉంటే మేలంటుంది. అంటే వెయ్యి మందిలో ముగ్గురు చిరాకుపడితే చాలు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఈ గీతను నేను రోజూ చూస్తాను. అది ఉన్నట్టుండి సున్నాకు దిగిందంటే సంబరపడను, ఉలిక్కిపడతాను. మెయిళ్లన్నీ నేరుగా స్పామ్‌లోకే పోతున్నప్పుడు వాటిని స్పామ్ అని నొక్కేవారు ఎవరూ ఉండరు మరి.

కొన్న లిస్టు ఏం చేస్తుందో సర్వర్ లాగ్ తెరిస్తే కనబడుతుంది. 550 5.1.1 అని వరసగా ఒకదాని కింద ఒకటి దిగుతాయి. అలాంటి ఖాతాయే లేదని అర్థం. ఆ వెనకే 421లు. అంటే ఇప్పుడు కాదు, తర్వాత రమ్మని. లాగ్‌లో కనబడని ప్రమాదం ఇంకోటుంది. ఎప్పుడో మూతపడిన ఖాతాలను కొన్ని సంస్థలు మళ్లీ తెరిచి, స్పామర్లను పట్టుకునే ఉచ్చులుగా వాడతాయి. వాటి నుంచి బౌన్స్ రాదు, మెయిల్ చక్కగా అందినట్టే ఉంటుంది. మన పేరు మాత్రం బ్లాక్‌లిస్టుకు ఎక్కుతుంది.

నేను మెచ్చే లిస్టు ఒకటుంది. ఒక చీరల షాపు బిల్లింగ్ కౌంటర్లో కుర్రాడు మెయిల్ ఐడీ అడుగుతాడు, ఇష్టం లేకపోతే వద్దనొచ్చని కూడా చెబుతాడు. జీమెయిల్ స్పెల్లింగులో అక్షరాలు అటూఇటూ అయితే అక్కడే దిద్దుకుంటాడు. ఇంటికెళ్లాక కస్టమర్‌కు ఒక మెయిల్ వెళుతుంది, అందులో కన్ఫర్మ్ నొక్కినవారే లిస్టులోకి. లిస్టు చిన్నది. కానీ ఆ షాపు మెయిల్ వస్తే జనం "నెమలికంఠం రంగులో ఉందా?" అని తిరిగి రాస్తారు. పంపేవాడికి ఇంతకు మించిన పేరు మరొకటి నాకు తెలియదు.

కొత్త డొమైన్‌తో మొదలుపెట్టేవారికి ఓపిక కావాలి. కొత్తగా వచ్చినవాడికి కిరాణా కొట్టువాడు ముందు చిన్న అరువే ఇచ్చి, తీర్చినకొద్దీ పెంచుతాడు, ఇదీ అంతే. మొదటి వారం మిమ్మల్ని బాగా ఎరిగిన కొద్ది వందల మందికే పంపండి, తర్వాత మెల్లగా పెంచండి. ఓటీపీలు, బిల్లులు వెళ్లే సబ్‌డొమైన్‌ను ప్రచారానికి వాడకండి. ఓపెన్ రేటునూ పూర్తిగా నమ్మకండి. 2021లో ఆపిల్ తెచ్చిన మెయిల్ ప్రైవసీ ఏర్పాటు వల్ల చదవని మెయిళ్లు కూడా చదివినట్టు నమోదవుతున్నాయి. క్లిక్కులు, జవాబులు చూసుకోండి.

అన్‌సబ్‌స్క్రైబ్‌ను మెయిల్ అడుగున కంటికి ఆనని బూడిదరంగు అక్షరాల్లో దాచేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. దారి కనబడనివాడి వేలు స్పామ్ బటన్ మీదికే పోతుంది. అంతకన్నా ముఖ్యం, వద్దనడం ఆ మనిషి హక్కు. మన దేశంలో 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలంటోంది. అన్‌సబ్‌స్క్రైబ్‌ను నేను మెయిల్ పైభాగంలోనే, తెలుగులో, పెద్దక్షరాల్లో పెట్టిస్తాను.

ఈ పండక్కి ఆఫర్ తయారుచేసే ముందు మీ లిస్టు తెరవండి. ఏడాదిగా ఒక్క క్లిక్కూ లేనివారికి ఒకే ఒక్క మెయిల్ రాసి, మా కబుర్లు ఇంకా కావాలా అని అడగండి. రెండు వారాలు ఆగినా జవాబు రాకపోతే ఆ పేర్లు తీసేయండి.