అరుగుదల మందూ, ఛాతీలో మంటా

భోజనం కాగానే రెండు చెంచాల అరుగుదల సిరప్ తాగడమో, బొగ్గుపొడి కలిసిన నల్లని ఎంజైమ్ మాత్ర వేసుకోవడమో చాలా తెలుగు ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు. కడుపుబ్బరానికైనా, పులితేన్పులకైనా, ఛాతీలో మంటకైనా ఆ ఒక్క మందునే ఆశ్రయించడం వెనుక, ఈ బాధలన్నిటికీ మూలం తిన్నది అరగకపోవడమేనన్న గట్టి నమ్మకం ఉంది. ఉబ్బరం విషయంలో ఆ నమ్మకం కొంతవరకు నిలబడవచ్చు గాని, కడుపులోని ఆమ్లం గొంతువైపు ఎగదన్నే జబ్బు విషయంలో మాత్రం నిలబడదు.

ఎంజైములంటే శరీరంలోని రసాయనిక చర్యలను వేగవంతం చేస్తూ, ఆ చర్యలలో తాము ఖర్చుకాకుండా మిగిలే ప్రోటీన్లు. లాలాజలంలోని ఎమైలేజ్ అన్నంలోని పిండిపదార్థాన్నీ, జఠరరసంలోని పెప్సిన్ పప్పులోనూ మాంసంలోనూ ఉండే ప్రోటీన్లనూ విడగొట్టడం మొదలుపెడితే, మిగిలిన పనిలో అధికభాగం క్లోమగ్రంథి నుంచి వచ్చే ఎంజైములు చిన్నపేగులో పూర్తిచేస్తాయి. కడుపులో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని విలియం ప్రౌట్ 1824లో ప్రకటించగా, ఆమ్లంతో పాటు మరొక పదార్థం కూడా మాంసాన్ని కరిగిస్తున్నదని గుర్తించి, థియోడర్ ష్వాన్ 1836లో దానికి పెప్సిన్ అని పేరు పెట్టాడు. కడుపు గోడలోని కణాలు దీనిని పెప్సినోజెన్ అనే నిద్రాణ రూపంలో విడుదల చేస్తాయి. ఆమ్లం తగిలాకే అది పదునెక్కుతుంది. కడుపు లోపలి గోడకు జిగురుపొర రక్షణ ఉన్నది గనుక ఈ రెండింటి ధాటికీ తట్టుకుంటుంది గాని, అన్నవాహికకు అంతటి రక్షణ లేదు.

అన్నవాహిక కడుపుతో కలిసేచోట ఉంగరంలా బిగిసి ఉండే కండరం, మింగినప్పుడు కాక వేరే వేళల్లో కూడా సడలిపోతే కడుపులోనిది పైకి వస్తుంది. కడుపు నిండుగా సాగినకొద్దీ ఆ సడలింపులు ఎక్కువవుతాయి. అలా పైకి వచ్చే ద్రవంలో ఆమ్లంతో పాటు పెప్సిన్ కూడా ఉండి, అన్నవాహిక పొరను దెబ్బతీస్తుంది. గొంతు దాకా చేరిన పెప్సిన్ ఆమ్లత తగ్గినప్పుడు నిద్రాణంగా ఉండి, మళ్లీ ఆమ్లం తగలగానే చురుకవుతుంది. దుకాణాల్లో దొరికే అరుగుదల సిరప్‌లలో కొన్నింటిలో శిలీంధ్రాల నుంచి తీసిన డయాస్టేజ్‌తో పాటు ఉండేది ఈ పెప్సినే. పెప్సిన్ కొరత ఏమీ లేని మనిషి ఛాతీమంటకు దానినే మందుగా పుచ్చుకోవడంలో అర్థం లేదు.

ఎంజైములు పనిచేయవని దీని భావం కాదు. హైదరాబాదు కచ్చీ బిర్యానీకి మాంసం నానబెట్టేటప్పుడు నూరి పట్టించే పచ్చిబొప్పాయిలోని పపైన్, గట్టి ముక్కను సైతం వేళ్ల మధ్య నలిగేంత మెత్తగా చేస్తుంది; అయితే మాంసాన్ని మెత్తబరిచే ఆ శక్తి సడలిన కండరాన్ని బిగించలేదు. క్లోమం దీర్ఘకాలంగా వాచి చెడిపోయినవారికి, జిడ్డుగా తేలే విరేచనాలతో బరువు కోల్పోతున్నవారికి ఎంజైమ్ క్యాప్సూళ్లే ఆధారం. వాటిలోని గుళికలకు కడుపులో కరగని పూత ఉంటుంది గనుక అవి చిన్నపేగులోకి వెళ్లాకే విచ్చుకుంటాయి. అవి చాలనప్పుడు వైద్యులు ఆమ్లాన్ని తగ్గించే మందును జతచేస్తారు. అక్కడ ఆమ్లం తగ్గడం వల్ల ఎంజైములకు మేలు జరుగుతున్నదే తప్ప, ఎంజైముల వల్ల ఆమ్లం తగ్గడం లేదు.

ఆమ్లపు మంటతో నిజంగా ముడిపడిన ఎంజైమ్ వేరే ఉంది. కడుపు గోడలోని కణాల నుంచి హైడ్రోజన్ అయాన్లను బయటికి తోసి, పొటాషియం అయాన్లను లోపలికి తీసుకునే ప్రోటాన్ పంపు కూడా ఒక ఎంజైమే. 1988లో స్వీడన్‌లో మార్కెట్లోకి వచ్చిన ఒమెప్రజోల్, దాని తర్వాత వచ్చిన పాంటోప్రజోల్ వంటివి ఈ పంపునే పట్టి ఆపుతాయి. పనిచేస్తున్న పంపులనే అవి ఆపగలవు, ఆ పంపులు చురుకయ్యేది భోజనంతోనే గనుక, తినడానికి సుమారు అరగంట ముందు వేసుకుంటేనే పూర్తి ఫలితం దక్కుతుంది. తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకునేవారికి ఈ సంగతి ఎవరైనా విడమరచి చెప్పడం ఎంతో అవసరం.

రాత్రి పదింటికి తిని వెంటనే నడుం వాల్చే అలవాటును మార్చి, భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల ఎడం ఉంచడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం, మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు చేయడం చాలామందికి మేలు చేస్తాయి. దిండ్లు పేర్చుకుంటే నడుము దగ్గర ఒళ్లు వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది గనుక అది ఇటుకలకు సాటి రాదు. అయితే మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలం తారులా నల్లగా వచ్చినా ఎండోస్కోపీ విషయం వైద్యుడితో ఆలస్యం లేకుండా మాట్లాడాలి. ఛాతీనొప్పితో చెమటలు పట్టినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా అది గ్యాసేనని సరిపెట్టుకోకుండా, మందుల షాపు దాటి నేరుగా ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.