విశాఖ కరపత్రం: విమర్శగా విద్యార్థి ప్రశ్న
1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో జరిగిన శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా ‘విశాఖ విద్యార్థులు’ పేరుతో వెలువడిన కరపత్రం, రచయితలు ఎవరి పక్షాన ఉన్నారని నిలదీసింది. ఆ ఏడాది జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. సాహిత్య చరిత్రలో ఆ కరపత్రం ప్రస్తావన సాధారణంగా సంఘావిర్భావ నేపథ్యానికే పరిమితమవుతుంది. అయితే రచయిత సామాజిక బాధ్యతను చర్చకు పెట్టిన ఆ ప్రశ్న స్వయంగా సాహిత్య విమర్శే. విద్యాలయాలు రాజకీయాలకు దూరంగా ఉండాలనే వాదాన్ని యథాతథంగా అంగీకరిస్తే, విద్యార్థులు ఇటువంటి విమర్శ చేసే అవకాశమే ఉండదు. పక్షం తేల్చుకోమనే ప్రశ్నకు పరిమితి లేకపోలేదు: ఏ పక్షానికీ ఒదగని రచన విలువను అది నిర్ణయించలేదు. ఆ పరిమితిని ఎత్తిచూపడమూ రాజకీయాభివ్యక్తే. కనుక విద్యార్థి ప్రశ్నకూ, దానికి ఎదురయ్యే ప్రతివాదానికీ సమానంగా చోటివ్వడం విశ్వవిద్యాలయం బాధ్యత.