ఫార్మాట్ కొట్టే ముందు

మా మంగళగిరిలో కంప్యూటర్ పైకి లేవలేదంటే ఊరందరికీ తెలిసిన మందు ఒక్కటే, ఫార్మాట్. షాపులో కుర్రాడు తెర వంక ఒక చూపు చూసి "ఓఎస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి" అంటాడు. "మరి లోపలున్నవి?" అని అడిగితే "బ్యాకప్ తీసుకోలేదా?" అని మననే దోషిని చేస్తాడు. ఇళ్లలో బ్యాకప్ ఎవరు తీస్తారు! అమ్మాయి పెళ్లి ఫొటోలూ, జీఎస్టీ బిల్లులూ, అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టూ అన్నీ ఒక్క పూటలో గంగలో కలుస్తాయి. ఇంట్లోవాళ్లు కూడా అది ఖర్మ అనుకుని డబ్బులిచ్చి వచ్చేస్తారు.

ఇరుగుపొరుగు కంప్యూటర్లు బాగుచెయ్యడం నాకు బతుకుతెరువు కాదు, వ్యసనం. ముందు కూర్చున్న కస్టమరు గడియారం చూసుకునే బాధ లేదు కాబట్టి నిదానంగా చూస్తాను. అలా చూసిన మీదట చెబుతున్నాను, "పోయింది" అని నా దగ్గరకు వచ్చినవాటిలో చాలావాటికి లోపల పోయిందేమీ ఉండదు. డిస్కు బాగుంటుంది, విండోస్ బాగుంటుంది, ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. వీటన్నిటినీ నిద్రలేపాల్సిన చిన్న ప్రోగ్రాం ఒకటి దారి తప్పి ఉంటుంది. అదే బూట్‌లోడర్.

చిన్నదంటే మరీ చిన్నది. పాత పద్ధతి కంప్యూటర్లలో బటన్ నొక్కగానే మదర్‌బోర్డు మీది బయాస్ మేలుకుని హార్డ్ డిస్కులో మొట్టమొదటి సెక్టారు ఒక్కటే చదువుతుంది. అంతకు మించి డిస్కు సంగతి దానికి తెలియదు. ఆ సెక్టారు 512 బైట్లు. చివరి 2 బైట్లు ఇది బూట్ సెక్టారేనని చెప్పే గుర్తు. దానికి ముందు 64 బైట్లలో డిస్కును ఎన్ని వాటాలు వేశారో ఆ పట్టిక ఉంటుంది. ఇక మిగిలిన 446 బైట్లలోనే బూట్‌లోడర్ మొదటి భాగం సర్దుకోవాలి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, పైగా గుణింతాలూ ఒత్తులూ వేరువేరుగా లెక్కకొస్తాయి. ఆ లెక్కన 148 గుర్తులు దాటవు, ఒక ఉత్పలమాల పట్టించడమే కష్టం.

ఇంత ఇరుకులో తప్పు జరిగితే మొర పెట్టుకోవడానికి కూడా చోటుండదు. లినక్స్ అనే ఉచిత ఓఎస్ తొలిరోజుల్లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లిలో అనే బూట్‌లోడర్ దీనికొక చక్కటి ఉపాయం చేసింది. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా తన పేరులోంచి ఒక్కో అక్షరం తెర మీద వేసేది. 'ఎల్' దగ్గర ఆగిపోతే మొదటి భాగం లేచింది గానీ రెండో భాగాన్ని తెచ్చుకోలేకపోయిందని. 'ఎల్ ఐ' దగ్గర ఆగితే రెండోది దొరికింది గానీ నడవలేదని. నాలుగూ పడితే ఇక ఢోకా లేదు. ఇప్పటి కంప్యూటర్లు ఏదో ఇబ్బంది వచ్చిందంటాయి. ఆ రెండక్షరాలు చెప్పినంత సమాచారం కూడా అందులో ఉండదు.

బాగుచెయ్యడంలో అసలు కిటుకు అక్కడే ఉంది. ఎక్కడ ఆగింది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికేదాకా డిస్కు మీద ఒక్క బైటు కూడా రాయకూడదు. చదవొచ్చు, ఎంతసేపైనా చదవొచ్చు. ఫార్మాట్ అంటే ఆ ప్రశ్న అడక్కుండానే తీర్పు రాసెయ్యడం.

ఈమధ్య ఈ బెడద పెరిగింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఫలానా తరం ప్రాసెసరు కావాలి. మన ఇళ్లలో పదేళ్ల నాటి డెస్క్‌టాప్‌లకు ఆ యోగం లేదు. పారెయ్యడానికి మనసొప్పదు కాబట్టి ఇంజినీరింగ్ చదివే పిల్లలు విండోస్ పక్కనే లినక్స్ ఎక్కిస్తున్నారు. మంచి పనే. కాకపోతే ఒక డిస్కు మీద ఇద్దరు కాపురం పెట్టాక, గుమ్మం దగ్గర ఎవరిని ముందు పిలవాలో చూసుకునే బాధ్యత గ్రబ్ అనే బూట్‌లోడర్ మీద పడుతుంది. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్‌కు వారసుడే ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఉన్నది.

రత్నాల చెరువు వైపు ఒక ఇంటి సంగతి చెబుతాను. ముందు గదిలో గుంట మగ్గం, వెనక గదిలో కంప్యూటర్. ఏ నేతగాడికి ఎంత నూలిచ్చారు, ఎన్ని చీరలొచ్చాయి, ఎవరికి ఎంత మజూరీ బాకీ, అంతా ఎక్సెల్‌లోనే. వాట్సాప్‌లో బేరానికి పంపే నిజాం అంచు చీరల ఫొటోలకైతే లెక్కే లేదు. కొడుకు బీటెక్. సి, డి, ఇ డ్రైవుల పక్కన లినక్స్ కూడా పెట్టుకున్నాడు. ఫొటోలకు చోటు చాలడం లేదని తల్లి అంటే, ఖాళీగా ఉన్న ఇ డ్రైవును తీసేసి ఆ జాగా డిలో కలిపాడు. కలిపినంతసేపూ బాగానే ఉంది. మర్నాడు ఆన్ చేస్తే నల్ల తెర మీద "నో సచ్ పార్టిషన్" అని ఒక వరుస, దాని కింద "గ్రబ్ రెస్క్యూ" అని మరొకటి, పక్కన కొట్టుకుంటున్న కర్సరు.

షాపులో యథాప్రకారం ఫార్మాట్ అన్నారట. ఆవిడ గుండె జారిపోయి మా ఇంటికొచ్చింది. "పోయినట్టేనా అన్నయ్యా? మొత్తం లెక్కలన్నీ అందులోనే ఉండాయి" అంది. కొడుకు వెనకాల నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. "ముందు తెర చూద్దాం పదమ్మా" అన్నాను.

తెర చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది. రెస్క్యూ దాకా వచ్చిందంటే మొదటి సెక్టారు పనిచేసింది, దాని వెనక సెక్టార్లలో దాక్కున్న రెండో భాగమూ లేచింది. తన మిగతా సామాను ఎక్కడుందో తెలియక దారిలో నిలబడిపోయింది, అంతే. పాత పద్ధతి వాటాల్లో పెద్ద వాటా లోపల వేసిన చిన్న వాటాలకు 5 నుంచి అంకెలు పడతాయి. వీళ్ల డిస్కులో డి 5, ఇ 6, లినక్స్ 7. గ్రబ్ రెండో భాగం తన సామాను 7లో ఉందని రాసిపెట్టుకుంది. మధ్యలో 6ను తీసేస్తే వెనకున్న 7 జరిగి 6 అయి కూర్చుంది. సామాను అంగుళం కదల్లేదు, తలుపు మీది నంబరు మారింది.

రెస్క్యూలో తెలిసిన ఆజ్ఞలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామూలు గ్రబ్ తెరలోలాగా ట్యాబ్ నొక్కితే మిగతా మాట తానే పూరించదు, ప్రతి అక్షరం మనమే కొట్టాలి. కుర్రాణ్ణే కీబోర్డు ముందు కూర్చోబెట్టాను. "ఎల్, ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కు" అన్నాను. డిస్కు పేరూ, బ్రాకెట్లలో వాటాల పేర్లూ ఒక వరుసలో వచ్చాయి. వాటిలో 7 లేదు. "చూశావా? అది వెతికే నంబరు అసలు లేనే లేదు" అంటే వాడికి అప్పుడు వెలిగింది. ఇక ఒక్కో వాటాలోకి తొంగి చూడాలి. అదే ఎల్ ఎస్, పక్కన బ్రాకెట్లో వాటా పేరు, చివర ఒక ఏటవాలు గీత. ఈ గీత మరిచిపోతే లోపలి ఫైళ్లు చూపించదు, జాగ్రత్త. 5లోకి చూస్తే "అన్‌నోన్ ఫైల్‌సిస్టం" అంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు, అది విండోస్ వాటా, ఈ దశలో గ్రబ్‌కు ఆ లిపి రాదు. 6లోకి చూస్తే బిన్, బూట్, ఈటీసీ, హోమ్ అని ఫోల్డర్ల పేర్లు బారులు తీరాయి.

"మామయ్యా, ఇదే లినక్స్!" అని కేకేశాడు.

అక్కణ్ణుంచి మూడు వరుసల పని. ప్రిఫిక్స్ అనే పేరుకు 6వ వాటాలోని బూట్ ఫోల్డరు, దాని లోపలి గ్రబ్ ఫోల్డరు దారి ఇవ్వాలి. తర్వాత ఇన్స్‌మాడ్ నార్మల్. ఆ తర్వాత ఉత్త నార్మల్. మూడోసారి ఎంటర్ నొక్కగానే లినక్స్, విండోస్ పేర్లతో పాత మెనూ వచ్చి నిలబడింది. ఆవిడ తెర దగ్గరకు వంగి విండోస్ పేరు చూసుకుంది.

చాలామంది ఇక్కడితో సంబరపడి లేచిపోతారు. చేసింది ఆ పూటకే, ఆపి మళ్లీ ఆన్ చేస్తే కథ మొదటికొస్తుంది. లినక్స్‌లోకి వెళ్లి గ్రబ్ ఇన్‌స్టాల్ ఆజ్ఞ ఇచ్చి కొత్త నంబరును రాయించాలి, ఆ తర్వాత అప్‌డేట్ గ్రబ్. ఆ ఇన్‌స్టాల్ చేసేది డిస్కుకు, వాటాకు కాదు. ఎస్‌డీఏ అని డిస్కు పేరు దగ్గరే ఆపాలి, పక్కన అంకె పెట్టకూడదు. అలవాటు కొద్దీ అంకె కొట్టేవాళ్లను చాలామందిని చూశాను.

ముందు గదిలో ఆవిడ మరిది మగ్గం దగ్గర కొత్త పడుగు అతుకుతున్నాడు. అయిపోయిన పడుగు పోగుల కొసలు అచ్చులో అట్లాగే ఉంచి, కొత్త పోగులు ఒక్కొక్కటే వాటికి మెలిపెడతారు. ఆవిడ అటు చూసి, "కొస అతికితే పోయేదానికి పడుగంతా కోసెయ్యమన్నాడా అన్నయ్యా ఆ షాపువాడు?" అంది. బూట్‌లోడర్ గురించి నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

కొత్త కంప్యూటర్లలో కథ వేరు. విండోస్ 8 నాటి నుంచి ఇళ్లలోకి బాగా వచ్చిన యూఈఎఫ్‌ఐ పద్ధతిలో మొదటి సెక్టారు ఇరుకు లేదు. బూట్‌లోడర్ మామూలు ఫైలే, విండోస్ వేసుకునే 100 ఎంబీ చిన్న వాటాలో ఉంటుంది. అది చెడితే విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేచి, బీసీడీబూట్ అనే ఆజ్ఞ ఒక్కటి ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. కాకపోతే ఆ రికవరీ తెరలో మన సి డ్రైవు డి పేరుతో కనబడవచ్చు, లోపల విండోస్ ఫోల్డరు ఉందో లేదో చూసుకుని మరీ ఆజ్ఞ ఇవ్వాలి.

బూట్‌లోడర్ తప్పే లేని కేసులూ ఉంటాయి. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఉంటుంది, సీఆర్ 2032. మన ఇళ్లలో రాత్రిపూట గోడ స్విచ్ ఆపేసే అలవాటు. కరెంటు తగిలి ఉన్నంతసేపు గడియారం భారం సెల్ మీద పడదు, ఆపేస్తే పడుతుంది. అది అయిపోతే తేదీ ఎప్పటిదో పాతదైపోతుంది, బయాస్ సెట్టింగులు మొదటికొస్తాయి, ఏ డిస్కుతో లేవాలో మరిచిపోతుంది. కొత్త సెల్లు వేసి సెట్టింగు సరిచేస్తే తీరే జబ్బు. అంతకన్నా తేలికది, పెన్‌డ్రైవ్ పెట్టి మరిచిపోవడం. అనూ ఫాంట్ల కోసం ఇంకా ఎక్స్‌పీ పట్టుకు వేలాడే డీటీపీ షాపుల్లో "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వస్తే నేను ముందు చూసేది యూఎస్‌బీ రంధ్రాలే.

ఎక్కడ ఆగిందో చూడాల్సిన అవసరం పెద్దపెద్ద చోట్లా వస్తుంది. 2024 జులై 19న ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరలు వేశాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు బూట్‌లోడర్లు తమ పని తాము చేశాయి. విండోస్ లేస్తూ లేస్తూ క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ వాళ్ల తప్పుడు ఫైలు దగ్గర కూలింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే లేచాయి. సరిగ్గా తర్వాతి నెలే, ఆగస్టు 13 నాటి విండోస్ అప్‌డేట్‌తో లినక్స్ పక్కనున్న కొన్ని యంత్రాల్లో సెక్యూర్ బూట్ అనే కాపలా లినక్స్ బూట్‌లోడర్‌ను గుమ్మంలోనే ఆపేసింది. పైకి రెండూ ఒకటే, కంప్యూటర్ లేవలేదు. మందులు మాత్రం వేరువేరు.

మన దగ్గర స్వేచ్ఛ లాంటి సంస్థల పుణ్యమా అని తెలుగులో కనబడే లినక్స్ వచ్చింది, దాన్ని ఎక్కించడం నేర్పేవాళ్లూ ఉన్నారు. లేవనప్పుడు ఏం చెయ్యాలో కూడా అదే పూట నేర్పితే బాగుంటుందని నా గొడవ. ఎక్కించడం ఎలాగూ నాలుగు నెక్స్ట్‌లు నొక్కడమే. ఆటోనగర్ ఐటీ పార్కులో డేటా సెంటరున్న ఊరు మాది, గ్రబ్ తెర చూసి భయపడని పిల్లలు వీధికొకరుంటే చాలు.

ఒక్క చోట మాత్రం నేనూ చెయ్యి పెట్టడానికి జంకుతాను, బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే మనకు తెలియకుండానే డిస్కు తాళం పడి ఉండొచ్చు. బూట్ సెట్టింగు కదిపితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది దొరక్కపోతే లోపలి సరుకు నిజంగానే పోయినట్టు. అందుకే ఆ కీ కాగితం మీద రాసి చూపిస్తే గానీ స్క్రూడ్రైవరు కూడా బయటికి తియ్యను.

షాపు నడిపే స్నేహితుడొకడు నా మాటలు విని నవ్వుతాడు. "నీకేం, ఊరికే చేస్తావు. అతుకులేసి పంపితే పది రోజుల తర్వాత ఏం జరిగినా నా నెత్తికే వస్తుంది. ఫార్మాట్ కొడితే గ్యారంటీ. పైగా నాలుగు వరుసలు టైపు చేసి ఐదొందలడిగితే ఎవడిస్తాడురా?" అంటాడు. కొట్టిపారేసే మాట కాదు. డిస్కే చెడుతున్నప్పుడూ, వైరస్ పట్టినప్పుడూ నేనూ ఫార్మాట్ వైపే. వాడు ఇప్పుడు ముందుగా లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి డెస్క్‌టాపూ, డాక్యుమెంట్సూ కాపీ తీస్తున్నాడు, అదొక మెరుగు. అయితే వాడి దగ్గరకు వచ్చేవాళ్లలో మిర్చి యార్డు గుమాస్తాలు ఎక్కువ. టాలీప్రైమ్ లెక్కలు ఆ రెండు చోట్లా ఉండవు, మనం మార్చకపోతే సి డ్రైవులో యూజర్స్ కింద పబ్లిక్ అనే ఫోల్డరులో ఉంటాయి. ఈ ఆదివారం కలిసినప్పుడు వాడికి మొదట చెప్పాల్సింది అదే.